నంబరు కలవలేదు

ఫిబ్రవరి 11

షాపు తెరవలేదు. ఈ చేతికి కత్తెర ఇస్తే ఎవరి బట్టనైనా అడ్డంగా కోసేసేలా ఉన్నాను.

నిన్న జరిగింది రాసి పెట్టుకోవాలి. రాయకపోతే నాలుగు రోజులు పోయాక "అంత పెద్ద విషయమేం కాదులే" అనుకుంటాను. ఈ ఇంట్లో ఆ జబ్బు ఆయనకుంది, చాలు.

మాజీ సైనికుల సంఘం వార్షిక సమావేశం. ఆయన పతకం ఎప్పుడూ పెట్టుకోరు. బీరువాలో చొక్కాల అడుగున పడి ఉంటుంది. ఈసారి నేనే పట్టుబట్టాను. కోటు నేనే కుట్టాను, నలిగిన రిబ్బను నేనే ఇస్త్రీ చేశాను, ఎడమవైపు గుచ్చింది కూడా నేనే. అద్దంలో చూసుకుని "బాగుందే" అన్నారు. చిన్నపిల్లాడిలా సిగ్గుపడ్డారు కూడా.

మూడో వరసలో కూర్చున్నాం. మీసాల ప్రెసిడెంటు వేదిక దిగి నేరుగా మా దగ్గరికే వచ్చాడు. ఒక చేతిలో కాగితం, ఇంకో చేతిలో మైకు. అభినందించడానికేమోనని నేను చీర సర్దుకున్నాను. నా తెలివి మండ.

"హాలు గోడ మీద పతకాలు వచ్చినవాళ్ళ పేర్లు చెక్కిస్తున్నాం. రికార్డు ఆఫీసు నుంచి జాబితా తెప్పించాం. మీ పేరుంది గానీ సర్వీసు నంబరు మీది కాదు. ఇది ఎవరి పతకమండీ?"

"నాకే ఇచ్చారు" అన్నారు ఆయన.

"ఎవరు?"

"జనరల్ గారు. ఆస్పత్రిలో."

"మరి రికార్డులో ఎందుకు లేదు?"

హాలంతా తలలు ఇటే తిరిగాయి.

"తేలేదాకా తీసి ఉంచండి. నిజంగా సంపాదించుకున్నవాళ్ళకి ఇది అవమానం."

ఆయన తీసేశారు! ఆయన చేత్తో ఆయనే. పిన్ను ఊడక కాసేపు తంటాలు పడ్డారు. జేబులో వేసుకుని కూర్చున్నారు. తరవాత ఎవరో పాట పాడితే చప్పట్లు కొట్టారు. ఆ మీసాలవాణ్ణి ఎప్పటికైనా క్షమిస్తానేమో గానీ, ఈ చప్పట్లను మాత్రం క్షమించలేను.

ఫిబ్రవరి 12

"నోరు పడిపోయిందా మీకు?" అని అడిగాను.

"అరిస్తే రికార్డు మారుతుందా?" అని, బల్ల ఫ్యాను విప్పుకుని కూర్చున్నారు. అది బాగానే తిరుగుతోంది.

ఫిబ్రవరి 14

అమ్మాయి వచ్చింది. రక్తపరీక్షల ల్యాబులో పని కదా, దేన్నైనా రెండుసార్లు పరీక్షిస్తే గానీ నమ్మదు. ఆయన బజారుకెళ్ళేదాకా ఆగి, మెల్లిగా అంది.

"అమ్మా, కోప్పడకు. ఆ పతకం... నాన్నదేనా?"

చేతిలో ఉన్న గిన్నె నేలకేసి కొట్టాను. సొట్ట పడింది.

"అడగడం తప్పా? మోకాలికి దెబ్బ తగిలిందన్నది తప్ప నాన్న మనకి ఎప్పుడైనా ఏమైనా చెప్పారా?"

"ఎవరి పతకమో పెట్టుకు తిరిగే మనిషా మీ నాన్న?"

"కాదు. కానీ కాదని రుజువు కావాలి కదమ్మా."

టీ తాగకుండా వెళ్ళిపోయింది. కన్నకూతురికి వచ్చింది అనుమానం. నాకు మాత్రం ఒక్క క్షణం కూడా రాలేదు.

ఫిబ్రవరి 15

ఒక్క క్షణం కూడా రాలేదు.

ఫిబ్రవరి 20

రికార్డు ఆఫీసుకు వెళ్ళాను. ఆయన్ను రమ్మని అడగలేదు. కౌంటరు అద్దానికి కింద చిన్న సందు. వంగి దాంట్లోంచి మాట్లాడాలి. అంటే అక్కడికి వచ్చేవాళ్ళంతా ముందే దండం పెట్టినట్టు నిలబడాలన్నమాట. ఆ గుమాస్తా బాగా ఓపికస్తుడు. అరిచేవాడైతే నాకు సుఖంగా ఉండేది.

"నంబరు కలవలేదమ్మా."

"పేరు కలిసిందిగా?"

"పేరు కలిసింది. కంపెనీ కలిసింది. తేదీ కూడా కలిసింది. నంబరు వేరే. ఆ పేరుతో ఒక్క పతకమే ఉంది, అది ఇంకొకాయనది."

"మరి మా ఇంట్లో ఉన్నదేంటి?"

"అది మీరే చెప్పాలమ్మా" అన్నాడు, చాలా మర్యాదగా.

ఆ మర్యాద చెంప మీద కొట్టినట్టుంది. వెనక వరసలో ఎవరో గొంతు సవరించుకున్నారు, త్వరగా తేల్చవమ్మా అన్నట్టు. తేల్చను. ఎందుకు తేల్చాలి?

ఇంటికి వచ్చి జరిగింది చెప్పాను. అదే పేరు, అదే కంపెనీ అనగానే ఆయన చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది.

"పొడుగన్న" అన్నారు.

ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట నేను వినలేదు. సైన్యంలో టెలిఫోను తీగలు వేసే కంపెనీలో ఒకే పేరుతో ఇద్దరు ఉండేవారట. హాజరు పిలిచేటప్పుడు గందరగోళం లేకుండా ఒకరిని పొడుగు, ఒకరిని పొట్టి అనేవారట. ఆయన పొట్టి. ఇక అంతే, అంతకుమించి ఒక్క ముక్క రాలేదు.

ఫిబ్రవరి 21

అర్థమైంది. ఆ పొడుగువాడెవడో ఈయన పతకాన్ని తన పేర రాయించుకున్నాడు. ఈయన మెతకదనం బ్యారక్‌లో పక్క మంచంవాడికి తెలియదా? ఇరవై నాలుగు గంటలూ చూస్తూ ఉండేవాడేగా.

ఫిబ్రవరి 26

రికార్డులు సరిదిద్దే బోర్డు అని ఒకటి ఉందట. దరఖాస్తు నేనే నింపాను. ఆయన చదవకుండానే సంతకం పెట్టారు. కరెంటు బిల్లు అయినా చదివే మనిషి.

నాకిప్పుడు కోపం లేదు. పని మొదలైంది కదా.

మార్చి 15

బోర్డు నుంచి జవాబు. ఆ రెండో వ్యక్తి కొన్నేళ్ళ కిందట చనిపోయాడట. అతని భార్యకు నోటీసు పంపారు. ఆమె రాసిన అభ్యంతరం నకలు మాకు వచ్చింది. పతకం తన భర్తదేనట. అది ఎవరి దగ్గరుందో ఇప్పటికి తెలిసింది కాబట్టి, వెంటనే స్వాధీనం చేసుకుని తమకు అప్పగించాలట!

గట్టిగా చదివి వినిపించాను. ఇప్పుడైనా మనిషికి రోషం వస్తుందేమోనని.

"ఇచ్చేద్దాం" అన్నారు.

నాకు ఒళ్ళు తెలియలేదు. ఏమేం అన్నానో రాయను. కత్తెర తీసుకుని ఆ కోటును ముక్కలు చేస్తానన్నాను, అది మాత్రం గుర్తుంది. అప్పుడు నా చేయి పట్టుకుని కూర్చోబెట్టారు. చెప్పడం మొదలుపెట్టారు.

నది ఒడ్డున ముందు వరస. గుండ్లు పడి ఫోను తీగ తెగిపోయింది. మనవాళ్ళు ఎక్కడున్నారో వెనక ఫిరంగుల దగ్గరున్నవాళ్ళకు తెలియదు. తెలియక మనవాళ్ళ మీదే వేస్తున్నారు. తీగ అతకడానికి ఇద్దరూ వెళ్ళారు. పొడుగన్న ముందు, ఈయన వెనక. తెగిన కొసలు దొరికాయి. ఆయన పట్టుకుంటే ఈయన అతికారు. తిరిగి వస్తుంటే ఈయన మోకాలు పోయింది.

"నన్ను భుజాన వేసుకుని తెచ్చింది ఆయనేనే. నేను బరువుగా ఉన్నానని దారంతా తిట్టాడు. తరవాత నేను ఆస్పత్రిలో. ఆయన్ని వేరే యూనిట్‌కి పంపేశారు. పతకం నాకొక్కడికే వచ్చింది. మంచం మీద ఉన్నవాడికి జనరల్ గారొచ్చి గుచ్చి వెళ్ళిపోయారు. ఆయనదేదీ అని ఎవర్ని అడగను?"

"అందుకా ఆ రోజు హాల్లో నోరు మెదపలేదు?"

"ఇది ఎవరిదీ అని అడిగాడు. ఏం చెప్పమంటావు? సగం నాదని చెప్పనా?"

నేను ఏడవలేదు. లేచి వెళ్ళి కుట్టు మిషను మీద కూర్చుని, ఎవరిదో లంగా అంచు అవసరం లేకపోయినా రెండోసారి కుట్టాను. సగమేమిటి? మోకాలు సగం పోయిందా? పూర్తిగానే పోయిందిగా!

మార్చి 16

ఇచ్చేది లేదు.

మార్చి 23

ఆమె చిరునామా నోటీసులో ఉంది. తాడో పేడో తేల్చుకుందామని బస్సెక్కాను. ఆయనకు దారాలు కొనడానికి వెళ్తున్నానని చెప్పాను.

బడి పక్కన జిరాక్సు, పుస్తకాల షాపు. చిన్న ఆకారం, పెద్ద గొంతు. నేనెవరో చెప్పగానే మిషను ఆపింది.

"రండి, రండి. దొంగగారి భార్యా!"

"మాట జాగ్రత్త. దొంగతనం కాగితం మీద చేసింది మీ ఆయన."

"మా ఆయనా? సొమ్ము మీ ఇంట్లో పెట్టుకుని మా ఆయన్ని అంటారా?"

జిరాక్సు కోసం వచ్చినవాళ్ళు ఇద్దరు గోడకు అతుక్కుపోయి నిలబడ్డారు. ఆమె గల్లా మీద చరిచింది. నేనూ చరిచాను. ఎవరిల్లాలు గట్టిగా అరుస్తుందన్న పోటీలా సాగింది. చెప్పకూడదు గానీ, ఇన్ని వారాల్లో నాతో సమానంగా కోప్పడిన మనిషి ఆమె ఒక్కతే. ప్రాణానికి కాస్త హాయిగా అనిపించింది.

అరిచి అరిచి గొంతు బొంగురుపోయాక ఆమె స్టూలు మీద కూలబడి చెప్పింది.

"రికార్డులో ఉంది. చేతికి రాలేదు. మా ఆయన అడిగినప్పుడల్లా ఆఫీసువాళ్ళు ఏమనేవారో తెలుసా? 'ఇచ్చేశాం, మీరే ఎక్కడో పారేసుకుని ఉంటారు' అని. పతకం పారేసుకున్న సిపాయి! వీధిలో పిల్లలు కూడా అనేవాళ్ళు. తాగి అమ్ముకున్నాడని మా మరిదే అన్నాడు. మా ఆయన చుక్క ముట్టి ఎరగడు."

అనడానికి తెచ్చుకున్నవన్నీ బోలెడు మిగిలిపోయాయి. ఒక్కటీ పనికి రాలేదు.

ఆమె నన్ను కాసేపు చూసి, "మీ ఆయన కుంటుతారా?" అంది.

"ఎడమ కాలు."

"అయితే పొట్టోడే. మా ఆయన అస్తమానూ అనేవారు, పొట్టోడు ఆ కాలుతో బతికాడో లేదో అని. ఎంత వెతికారో. తన పేరే కదా, ఎవర్ని అడిగినా 'అది నువ్వే కదయ్యా' అని నవ్వేవారట."

ఆమె ఇంకో స్టూలు నా వైపు జరిపింది. ఆ తరవాత ఆమే అడిగింది. "పోనీ వాళ్ళ కంపెనీ కెప్టెన్ గారిని అడుగుదామా? పతకానికి సిఫారసు రాసింది ఆయనే. మా ఆయన పోయినప్పటి నుంచి ఏటా ఫోన్ చేసి పలకరిస్తారు."

అక్కడి నుంచే చేశాం. కెప్టెన్ గారికి చెవుడు. పొట్టి, పొడుగు అని ఆమె అరవగా అరవగా అటు నుంచి షాపంతా వినిపించేలా జవాబొచ్చింది.

"ఇద్దరికీ రాశానమ్మా! ఒకరి కింద ఒకరిని! ఎందుకు, ఏమైంది?"

ఏమైందా!

మార్చి 24

ఆయనకు చెప్పాను. పొడుగన్న పోయాడన్నది నోటీసులోనే ఉంది కాబట్టి అది తెలుసు. అతను తనని వెతికాడని తెలియదు. పెరట్లోకి వెళ్ళి, ఆరిన బట్టలన్నీ తీసి, మళ్ళీ తీగ మీద ఆరేశారు.

ఏప్రిల్ 17

విచారణ రేపే.

ఒక్క క్షణం వచ్చింది, అనుమానం. అమ్మాయి అడగక ముందే, ఆ హాల్లోనే, ఆయన పిన్ను తీస్తుండగా వచ్చింది. ఇది ఎవరికీ చెప్పను.

ఏప్రిల్ 18

బోర్డు గదిలో ముగ్గురు సభ్యులు. మధ్యలో ఒకావిడ. ఆఫీసు తరఫున ఒక అధికారి. ఒకవైపు మేము, అమ్మాయి. పక్కనే ఆమె, అదే అక్క. పొడుగన్న భార్య నాకు అక్కే కదా. అభ్యంతరం వెనక్కి తీసుకుంటూ రాసిచ్చింది. కెప్టెన్ గారిని ఆయన మనవరాలు చక్రాల కుర్చీలో తీసుకొచ్చింది.

ఆఫీసు అధికారి లేచి పాత ఫైలు చూస్తూ చెప్పాడు. సిఫారసు ఇద్దరి మీదా వచ్చిన మాట నిజమేనట. మంజూరూ అయ్యాయట. దెబ్బ తగిలినవాడికి ముందు ఇవ్వాలని ఒక పతకం ఆస్పత్రికి పంపించేశారు. రెండోది పంపేలోపు ఎవరో జాబితా తిరగరాశారట, చూస్తే రెండు చోట్లా ఒకే పేరు, ఒకే కంపెనీ, ఒకే తేదీ.

"కాబట్టి ఒక పేరు పొరపాటున రెండుసార్లు టైపైందని భావించి ఒక నమోదును తొలగించారు. ఆస్పత్రిలో ఇచ్చిన పతకాన్ని మిగిలిన నంబరు, అంటే రెండోవారి నంబరు కింద రాశారు."

"ఏమంటున్నాడు?" అని కెప్టెన్ గారు అడిగారు. మనవరాలు చెవి దగ్గర చెప్పింది. ఆయన కుర్చీ చెయ్యి మీద గుద్దారు.

"రెండుసార్లు టైపవ్వడానికి అది అక్షరమా? మనిషయ్యా! ఇద్దరు మనుషులు! ఒకణ్ణి ఇంకొకడు మోసుకొస్తుంటే నా కళ్ళతో చూశాను!"

మధ్యలో కూర్చున్నావిడ మా ఆయనకేసి తిరిగింది. "మీరు ఇన్నేళ్ళూ మీ రికార్డు ఎందుకు చూసుకోలేదు?"

"నాకు అందింది కదండీ" అన్నారు ఈయన. "అందినవాడు కాగితం చూసుకోడు."

అంత నెమ్మదిగా అన్నారు. నాకైతే ఆ బల్ల ఎత్తి కుదేయాలనిపించింది. ఆయన పేరు మీద గీత గీసినవాడెవడు? పేరేమిటి? వాడికి పదోన్నతి వచ్చిందా? హాయిగా రిటైరై మనవల్ని ఆడిస్తున్నాడా? అడగబోతే అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుంది. దాని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. బయటికి వచ్చాక తండ్రి చెయ్యి పట్టుకుని, బస్టాపు దాకా వదల్లేదు.

మే 10

ఉత్తర్వు వచ్చింది. ఆయన రికార్డులో పతకం చేర్చారు. "అనుకోకుండా జరిగిన పొరపాటుకు విచారిస్తున్నాము" అట.

సంతోషం వస్తుందనుకున్నాను. కూర్చుని దాని కోసం ఎదురు చూశాను కూడా. మైకు పెట్టి తీసుకున్న పరువు, కవరులో పెట్టి తిరిగిచ్చారు.

మే 13

మీసాల ప్రెసిడెంటు ఇంటికొచ్చాడు. చేతిలో పళ్ళ సంచి. ఏదో పొరపాటు జరిగిపోయిందని, మనసులో పెట్టుకోవద్దని నసిగాడు.

"మైకు తెచ్చారా?" అన్నాను.

"అదేంటమ్మా?"

"తీసింది మైకులోగా. పెట్టడం ఇంట్లోనా?"

ఆయన "ఊరుకోవే, కూర్చోండి సార్" అంటూ కుర్చీ లాగారు. టీ కూడా ఆయనే పెట్టారు, నేను పెట్టనని తెలుసు. మీసాలాయన టీ తాగి, గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగాడు.

"హాల్లోనే చెప్తానమ్మా. అందరి ముందూ."

చెప్పనీ. మూడో వరసలోనే కూర్చుంటాను.

మే 27

అక్క ఫోన్. ఉత్తర్వు మా ఆయన గురించేనట, పొడుగన్న పతకం సంగతి అందులో లేదట. ఆయన విన్నారు. బీరువా తీసి కోటు తొడుక్కున్నారు, ఈ ఎండలో.

మే 28

ముగ్గురం రికార్డు ఆఫీసుకు వెళ్ళాం. అదే కౌంటరు, అదే ఓపిక గుమాస్తా. అక్క కాగితాలు సందులోంచి తోసింది. అతను చూసి, కంప్యూటరు చూసి, మళ్ళీ కాగితాలు చూసి వెనక్కి తోశాడు.

"వీరి రికార్డు సరిగ్గానే ఉందమ్మా. పతకం ఇచ్చినట్టే ఉంది. సరిదిద్దడానికి ఏమీ లేదు."

నేను ఊపిరి పీల్చుకుని నోరు తెరిచాను. నాకంటే ముందు పక్క నుంచి ఒక గొంతు లేచింది. ఎవరిదో అనుకున్నాను.

"ఏమీ లేదా? ఇచ్చింది ఎవరికి? నాకు! నా రికార్డులో నిన్నగాక మొన్న మీరే రాశారు! ఉన్న ఒక్కటీ నాకిస్తే, ఆయనకిచ్చింది ఏది? చూపించు! వంగను నేను, నువ్వే లేచి నిలబడి చెప్పు!"

గుమాస్తా లేచి నిలబడ్డాడు. ఆయన ఆపలేదు. నది ఒడ్డు, తెగిన తీగ, భుజం మీద మోత, ఆ దారంతా తిన్న తిట్లు, అన్నీ బయటికొచ్చాయి, ఒకదాని వెంట ఒకటి, ఏ వరసా లేకుండా. గొంతు చీరుకుపోతోంది. వరసలో ఉన్నవాళ్ళంతా మా చుట్టూ మూగారు. ఎవరూ గొంతు సవరించుకోలేదు.

"చెల్లీ, ఈయన ఎప్పుడూ ఇంతేనా?" అంది అక్క నా చెవిలో.

"లేదక్కా. ఇదే మొదలు."

"అమ్మా, కాస్త సార్‌ని ఆపండి" అన్నాడు గుమాస్తా నన్ను చూసి.

"నేనాపను. మీరు వినండి" అన్నాను.

లోపలి నుంచి పెద్ద అధికారి వచ్చాడు. ఆయన భుజం మీద చెయ్యి వేసి గదిలోకి తీసుకెళ్ళాడు. తలుపు వేశాక కూడా ఆయన గొంతు వినిపిస్తూనే ఉంది. బెంచీ మీద అక్కా నేనూ కూర్చున్నాం. ఏం చేయాలో తెలియక నేను ఆమె కొంగుకు ఊడిన కుచ్చు ముడేశాను.

ఆగస్టు 2

అక్క ఫోన్ చేసింది. పొడుగన్న పతకం ఇవాళ వచ్చిందట. ఏడుస్తుందేమోనని ఏమనాలో ముందే అనుకుని ఉంచాను. ఏడవలేదు. తిట్టింది. ఆఫీసునీ కాదు, నన్నూ కాదు. పతకాన్నే, ఎదురుగా బల్ల మీద పెట్టుకుని, ఇన్నేళ్ళూ ఎక్కడ చచ్చావు, ఆయన ఉండగా రావడానికి నీకేం రోగమొచ్చింది అని, ఫోను ఎత్తి పట్టుకున్న సంగతి కూడా మరిచిపోయి.

మా ఆయన స్పీకరు పెట్టమన్నారు. పెట్టాను. ఇద్దరం చివరిదాకా విన్నాం.